ఇంటర్నెట్‌కు గూడా ఒక వయా బోర్డు

పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరు రోజున, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకొనే రోజున, స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు ముగిసే రోజున మన పడమటి ప్రాంతంలో ఎక్కువగా వినపడే మాట ఒకటి వున్నది: "సర్వర్ డౌన్." మార్కాపురం నెట్ సెంటర్‌లో అదే మాట, గిద్దలూరులో అదే మాట, కంభంలోనూ యర్రగొండపాలెంలోనూ అదే మాట. రోడ్డు వెడల్పు చేసే పొక్లెయినరు ఫైబర్ తీగను తెంపినా "సర్వర్ డౌన్" అంటారు. ఎక్కడో హైదరాబాదులో యంత్రం నిజంగానే పడకేసినా "సర్వర్ డౌన్" అంటారు. మలేరియాకూ, టైఫాయిడుకూ, పడిశానికీ ఒకే పేరు పెట్టి ఒకే మాత్ర మింగించినట్టుంటుంది ఈ వ్యవహారం.

నిజానికి నెట్ రాకపోవడానికి ముఖ్యంగా నాలుగు చోట్ల కారణం వుండవచ్చు. మొదటిది, మన ఊరి తీగ. రెండవది, దారి. అంటే తీగ బాగానే వున్నా, ఫలానా చోటికి ఎట్లా పోవాలో నెట్‌వర్కులకు తెలియకపోవడం. మూడవది, పేరు చెబితే నంబరు చెప్పే డి.ఎన్.ఎస్. అనే చిరునామా పుస్తకం. నాలుగవది, అసలు సర్వరు. ఈ నాలుగింటిలో రెండవదైన దారి సంగతిని ప్రపంచమంతటా నిమిష నిమిషానికీ రిజిస్టరులో రాసి పెడుతున్నారు. ఆ రిజిస్టరును ఎవరైనా, ఎవరి అనుమతీ లేకుండా, పైసా కట్టకుండా చదవవచ్చు. చదవడానికి తేలికైన సాధనాలు గూడా తయారుగా వున్నాయి. ఆ రిజిస్టరు ఏమిటో, దాన్ని తెరిచే సాధనం ఎట్లా పనిచేస్తుందో, దాంట్లో మన మార్కాపురం ఎంతమటుకు కనపడుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

దారి అంటే ఏమిటి?

ఇంటర్నెట్ ఒకే పెద్ద యంత్రం అనుకుంటారు చాలామంది. కాదు. అది 75 వేలకు పైగా స్వతంత్ర నెట్‌వర్కుల కూటమి. ఒక్కొక్క దాన్ని అటానమస్ సిస్టమ్ అంటారు. ప్రతి దానికీ ఒక నంబరు వుంటుంది. బి.ఎస్.ఎన్.ఎల్. నంబరు 9829. ఎయిర్‌టెల్ ముఖ్య నెట్‌వర్కు నంబరు 9498. జియో నంబరు 55836. వీటన్నిటికీ పై అధికారి ఎవరూ లేరు. ఒక్కొక్క నెట్‌వర్కు తన పక్కవాడితో, "ఫలానా అడ్రసులు నా దగ్గర వున్నాయి, వాటికి పోవాల్సినవి నాకివ్వు" అని చెబుతుంది. పక్కవాడు తన పక్కవాడికి చెబుతాడు. ఈ చెప్పుకొనే భాషకే బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, పొట్టిగా బి.జి.పి., అని పేరు. 1989లో ఇద్దరు ఇంజనీర్లు భోజనాల బల్ల దగ్గర చేతులు తుడుచుకొనే కాగితాల మీద దీని మొదటి రూపం గీశారు. దాని నాలుగవ రూపం 1994లో వచ్చింది. ఇప్పటికీ ప్రపంచం నడుస్తున్నది దాని మీదనే.

మన ఆర్టీసీ బస్సును తలచుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. మార్కాపురంలో నిలబడిన బస్సుకు "ఒంగోలు, వయా పొదిలి, చీమకుర్తి" అని బోర్డు వుంటుంది. ఒంగోలు గమ్యం. పొదిలి, చీమకుర్తి దాటవలసిన ఊళ్లు. బి.జి.పి. ప్రకటన గూడా అచ్చం ఇట్లాంటి బోర్డే. దానిలో గమ్యం అంటే ఒక అడ్రసుల గుంపు. వయా అంటే దాటవలసిన నెట్‌వర్కుల నంబర్ల వరుస. దీన్ని ఏ.ఎస్. పాత్ అంటారు. వరుసలో ఆఖరున వుండే నంబరు ఆ అడ్రసుల సొంతదారుది, లేదా సొంతదారునని చెప్పుకొనేవాడిది. ఈ రెంటికీ తేడా ఎంతటిదో కాసేపట్లో చూస్తాం.

పొదిలి దారి మూసుకుపోతే బస్సును మరో దారిన తిప్పి బోర్డు మారుస్తారు. అట్లాగే ఎక్కడన్నా లింకు తెగితే, నెట్‌వర్కులు కొత్త వయాతో కొత్త ప్రకటన చేస్తాయి. ఏ దారీ లేకపోతే "ఆ గమ్యానికి నా దగ్గర బస్సు లేదు" అని వెనక్కు తీసుకొనే ప్రకటన చేస్తాయి. 2021 అక్టోబరు 4న రాత్రి 9 గంటలు దాటిన కాసేపటికి వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారి ఆగిపోయి దాదాపు 6 గంటల పాటు రాకపోవడం చాలామందికి గుర్తుండే వుంటుంది. అందరూ ఫోను ఆపి మళ్లీ పెట్టుకున్నారు, రీచార్జి అయిపోయిందేమోనని చూసుకున్నారు. జరిగిందేమిటంటే, ఆ కంపెనీ లోపల నిర్వహణ పనిలో ఒక ఆజ్ఞ పొరపాటున వాళ్ల సొంత డేటా సెంటర్ల మధ్య లింకులను తెంపింది. దాంతో వాళ్ల డి.ఎన్.ఎస్. సర్వర్లు తమ దారుల ప్రకటనలను వాటంతట అవే వెనక్కు తీసుకున్నాయి. కంపెనీ నోరు తెరవక ముందే, బహిరంగ రిజిస్టర్లు చూసేవాళ్లకు "వీళ్ల దారులే మాయమైనాయి" అని తెలిసిపోయింది.

పిన్‌కోడు చెప్పే పాఠం

గమ్యం అంటే అడ్రసుల గుంపు అన్నాను. దాన్ని ప్రిఫిక్స్ అంటారు. దీనికి మన తపాలా పిన్‌కోడే మంచి ఉదాహరణ. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడులో ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ చోటు సన్నబడుతుంది. 523 అంటే మన వైపు ప్రాంతమంతా. 523316 అంటే మార్కాపురం. 523357 అంటే గిద్దలూరు. ఇంటర్నెట్ అడ్రసుకు 32 బిట్లు. "/22" అని రాస్తే మొదటి 22 బిట్లు ఒకటిగా వున్న 1024 అడ్రసుల గుంపు అని అర్థం. "/24" అంటే 256 అడ్రసులు. "/25" అంటే 128. గీత తరువాత అంకె పెరిగేకొద్దీ గుంపు చిన్నదవుతుంది.

ఇక్కడ ఒక కీలకమైన నియమం వున్నది. ఒకే అడ్రసుకు రెండు దారులు కనపడితే రౌటరు చిన్న గుంపు వైపే పోతుంది. ఒకడు "523తో మొదలయ్యేవన్నీ నాకివ్వండి" అని, ఇంకొకడు "523316 నాకివ్వండి" అని అంటే, మార్కాపురం ఉత్తరాలు రెండవవాడికే పోతాయి. ఆ రెండవవాడు నిజంగా మార్కాపురం పోస్టాఫీసేనా, లేక బజారులో ఎవడో నిలబడి కేకేస్తున్నాడా అని బి.జి.పి. తనంతట తాను అడగదు.

2008 ఫిబ్రవరి 24న జరిగింది ఇదే. యూట్యూబ్ (నంబరు 36561) 208.65.152.0/22 అనే గుంపును ప్రకటిస్తూ వుండేది. పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపమన్నది. పాకిస్తాన్ టెలికామ్ (నంబరు 17557) అందుకోసం 208.65.153.0/24 తనదేనని ప్రకటించింది. ఆ ప్రకటన దేశం లోపలనే వుండవలసింది. అది బయటికి పొక్కింది. హాంగ్‌కాంగ్‌కు చెందిన పి.సి.సి.డబ్ల్యు. (నంబరు 3491) దాన్ని వడగట్టకుండా ప్రపంచానికి అందించింది. చిన్న గుంపుదే గెలుపు గనుక, ప్రపంచంలో చాలాభాగం యూట్యూబ్ కోసం పాకిస్తాన్ గడప తొక్కింది. సుమారు 2 గంటలు యూట్యూబ్ చాలాచోట్ల అందలేదు.

రిజిస్టరు రాసేవాళ్లెవరు?

రౌటరుది పలక. మన మార్కాపురం పలక లాంటిదే. ఇప్పటి దారి రాసుకుంటుంది, మారగానే తుడిచి కొత్తది రాస్తుంది. పది నిమిషాల కింద ఏమి రాసి వుండిందని అడిగితే చెప్పలేదు. కాబట్టి చరిత్ర కావాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఖాతా పుస్తకంలో ఎక్కించుకుంటూ పోవాలి.

ఆ పని చేసేవాళ్లలో ఇద్దరు ముఖ్యులు. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయం వారి రూట్ వ్యూస్ ఒకటి. ఇది 1990ల నడుమ మొదలైంది. రెండవది యూరప్ అడ్రసుల రిజిస్ట్రీ అయిన రైప్ ఎన్.సి.సి. వారి రౌటింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్. దీన్ని రిస్ అంటారు. ఇది 1999లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది. వీళ్లు ఆమ్‌స్టర్‌డామ్, సింగపూర్, టోక్యో లాంటి చోట్ల కలెక్టర్లు అనే యంత్రాలు పెట్టారు. ఇష్టపడిన నెట్‌వర్కులు తమకు తెలిసిన దారులన్నీ ఈ కలెక్టర్లకు చెబుతుంటాయి. కలెక్టరు బస్టాండులో రిజిస్టరు పట్టుకొని కూర్చున్న కంట్రోలరు లాంటిది. ఏ బస్సు, ఏ వయా, ఎన్ని గంటలకు, అని రాసుకోవడమే దాని పని. అది ఏ బస్సునూ నడపదు, ఒక్క ప్రయాణీకుణ్ణీ ఎక్కించుకోదు.

రాసినవి రెండు రకాలు. మార్పుల చిట్టా ఒకటి. దీన్ని అప్‌డేట్స్ అంటారు. రిస్ వారు 5 నిమిషాలకు ఒక ఫైలు, రూట్ వ్యూస్ వారు 15 నిమిషాలకు ఒక ఫైలు వేస్తారు. రెండవది మొత్తం దారుల పట్టిక. దీన్ని రిబ్ అంటారు. రిస్ 8 గంటలకొకసారి, రూట్ వ్యూస్ 2 గంటలకొకసారి వేస్తుంది. నేడు ఒక్క పట్టికలోనే సుమారు 10 లక్షల గమ్యాలుంటాయి. ఆ లెక్క, చెప్పే నెట్‌వర్కు ఒక్కొక్కదానికీ విడివిడిగా.

లైబ్రరీ ఎందుకు?

ఇక్కడ లైబ్రరీ అంటే బీరువాల లైబ్రరీ అనుకునేరు. ప్రోగ్రాములో మనం పిలిచి వాడుకొనే తయారు సరుకు అన్నమాట. అది లేకపోతే మన పని ఎట్లా వుంటుంది? ముందు ఏ కలెక్టరు ఫైలు ఏ వెబ్ చిరునామాలో వున్నదో వెతకాలి. దించాలి. విప్పాలి. అది ఎమ్.ఆర్.టి. అనే బైనరీ రూపంలో వుంటుంది, మామూలు కంటికి పిచ్చిగీతల్లా కనపడుతుంది. దాన్ని మాటల్లోకి మార్చాలి. పది కలెక్టర్ల ఫైళ్లను కాలం వరుసన కలపాలి. ఇంత చేసేసరికి అసలు ప్రశ్న ఏమిటో మరచిపోతాం.

ఈ చాకిరీ తప్పించడానికి శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వున్న కైడా అనే పరిశోధన కేంద్రం బీజీపీస్ట్రీమ్ అనే లైబ్రరీ తయారు చేసింది. దాన్ని వివరించిన పరిశోధన పత్రం 2016లో వచ్చింది. లోపలి యంత్రాంగం సి భాషలో వున్నది. పైథాన్ భాషలో పిలవడానికి పైబీజీపీస్ట్రీమ్ వున్నది. దానికి కైడా వారి బ్రోకరు అనే సర్వరు తోడు. మన ప్రోగ్రాము "ఫలానా కాలానికి ఫలానా కలెక్టరు ఫైళ్లు ఎక్కడున్నాయి?" అని బ్రోకరును అడుగుతుంది. బ్రోకరు చిరునామాలు చెబుతుంది. లైబ్రరీ వాటిని అసలు భాండారాల నుంచి తెచ్చి, విప్పి, కాలం వరుసన పేర్చి, ఒక్కొక్క వరుసగా మన చేతికిస్తుంది. మనం వాడవలసిన తీరు ఇది:

1. ఉబుంటు లాంటి లైనక్స్ మీద లైబ్రరీని స్థాపించుకోవాలి. విండోస్ వున్నవాళ్లు దానిలోనే లైనక్స్‌ను నడిపే ఏర్పాటు చేసుకోవాలి.

2. ప్రోగ్రాములో స్ట్రీమ్ అనే వస్తువును సృష్టించి నాలుగు సంగతులు చెప్పాలి: ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా, ఏ కలెక్టర్లు, మార్పుల చిట్టానా లేక పూర్తి పట్టికనా.

3. వడపోత చెప్పాలి. అంటే ఏ ప్రిఫిక్స్ కావాలి, సరిగ్గా అదేనా, దానిలోపలి చిన్న గుంపులు గూడా కావాలా, దాన్ని మింగిన పెద్ద గుంపులు గూడా కావాలా అన్నది. నెట్‌వర్కు నంబరు పెట్టి గూడా వడగట్టవచ్చు.

4. తరువాత మామూలు ఫర్ లూపు. ప్రతి వరుసలో రకం, సమయం, చెప్పిన నెట్‌వర్కు నంబరు, ప్రిఫిక్స్, ఉపసంహరణ కాకపోతే ఏ.ఎస్. పాత్ గూడా వుంటాయి. రకం ఒకే అక్షరం. ఏ అంటే ప్రకటన, డబ్ల్యు అంటే ఉపసంహరణ, ఆర్ అంటే పట్టికలోని దారి.

ప్రోగ్రాము పదిహేను వరుసలకు మించదు. పైథాన్‌లో లూపు నేర్చిన ఫస్టియర్ విద్యార్థి ఒక సాయంత్రంలో రాయగలడు.

2008 నాటి రాత్రిని మళ్లీ చూద్దాం

మొదటి అభ్యాసానికి నేను ఎవరికైనా చెప్పేది యూట్యూబ్ ఉదంతమే. జవాబు ముందే తెలుసు గనుక మన ప్రోగ్రాము సరిగ్గా వున్నదో లేదో తేలిపోతుంది. కాలం: 2008 ఫిబ్రవరి 24, 18:45 నుంచి 21:05 దాకా. ఈ గంటలు యూటీసీ ప్రకారం. రిజిస్టర్లన్నీ యూటీసీలోనే వుంటాయి, మన గడియారం కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. అంటే మనకు అది 25వ తేదీ అర్ధరాత్రి 12:15 నుంచి అన్నమాట. చాలామంది విద్యార్థుల మొదటి ప్రయత్నం ఈ ఐదున్నర గంటల దగ్గరనే బోర్లా పడుతుంది. కలెక్టరు: రిస్ వారి మొదటిది. వడపోత: 208.65.152.0/22, దానిలోపలి చిన్న గుంపులతో సహా.

నడిపితే కథ వరుసగా కళ్లముందు నడుస్తుంది. 18:47కు 208.65.153.0/24 అనే గుంపు మొదటిసారి కనపడుతుంది. పాత్ ఆఖరున 17557, దాని ముందు 3491. తరువాత ఒకటి రెండు నిమిషాల్లో ఒకరి తరువాత ఒకరు అదే పాట. 20:07కు అదే /24 రెండవ యజమానితో వస్తుంది, ఆఖరున 36561. అంటే యూట్యూబ్ మేలుకొని ఎదురు ప్రకటన చేసింది. రెండూ సమానమైన గుంపులు గనుక కొందరు ఇటు, కొందరు అటు. 20:18కు యూట్యూబ్ ఇంకా చిన్నవైన రెండు /25లు ప్రకటిస్తుంది. చిన్నదానిదే గెలుపన్న నియమాన్ని ఈసారి తాను వాడుకుంది. 21:01కి పి.సి.సి.డబ్ల్యు. ఆ తప్పుడు దారిని వెనక్కు తీసుకుంటుంది, ఉపసంహరణల వాన కురుస్తుంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటి వున్నది. యూట్యూబ్ సొంత /22 దారి ఆ రాత్రంతా చెక్కుచెదరలేదు. "యూట్యూబ్ దారి వున్నదా?" అని మాత్రమే అడిగిన ప్రోగ్రాముకు "వున్నది, అంతా క్షేమం" అనే జవాబు వస్తుంది. "దాని లోపల ఇంకెవరన్నా చిన్న గుంపు ప్రకటించారా?" అని అడిగినప్పుడే దొంగ దొరుకుతాడు. లైబ్రరీ మన ప్రశ్నకు జవాబు చెబుతుందే గాని, మంచి ప్రశ్న అది మన తరఫున అడగదు.

ఇది పాతకాలపు సంగతి అనుకోవద్దు. 2021 ఏప్రిల్ 16న మన దేశంలోనే వొడాఫోన్ ఐడియా నెట్‌వర్కు (నంబరు 55410) తనవి కాని 30 వేలకు పైగా ప్రిఫిక్సులను ప్రకటించింది. ఇట్లాంటివి అరికట్టడానికి ఆర్.పి.కె.ఐ. అనే పద్ధతి వచ్చింది. దాని ప్రమాణాలు 2012లో వెలువడ్డాయి. ఈ గుంపును ప్రకటించే హక్కు ఈ నంబరుకే వున్నదని సొంతదారు సంతకం చేసిన పత్రం అందరికీ కనపడేట్టు పెట్టడం దాని సారాంశం. ప్రకటన వచ్చినప్పుడు రౌటరు ఆ పత్రంతో పోల్చి చూస్తుంది. పొలం తనదని ఎవడన్నా వస్తే పాసుపుస్తకం తెమ్మనడం లాంటిది. అయితే అది ఆఖరు నంబరును మాత్రమే సరిచూస్తుంది, మధ్య వయాలో జరిగే తప్పులను పట్టలేదు.

చదివేటప్పుడు జాగ్రత్తలు

మొదటిది, డేటా ఖర్చు. ఫోను హాట్‌స్పాట్ మీద పనిచేసే మన పిల్లలు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి. పెద్ద కలెక్టరు పూర్తి పట్టిక ఒక్క ఫైలే వందల మెగాబైట్లుంటుంది. రోజు కోటా ఒక్క దెబ్బకు ఆవిరవుతుంది. వడపోత పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఫైలు ఇంటికి వచ్చిన తరువాతనే లైబ్రరీ వడగడుతుంది. కాబట్టి ఒకే కలెక్టరు, పది నిమిషాల కాలం, మార్పుల చిట్టా మాత్రమే, వీటితో మొదలుపెట్టాలి.

రెండవది, ఒక్క ఉపసంహరణ చూసి కొంప మునిగిందని కేకలు వేయకూడదు. ఒకరు దారి లేదంటే అది వాళ్ల ఇంటి గొడవ కావచ్చు. చాలామంది, చాలా కలెక్టర్లలో, ఒకేసారి లేదంటేనే గమ్యానికి ఏదో అయిందనుకోవాలి. మూడవది, కలెక్టరుకూ పక్క నెట్‌వర్కుకూ మధ్య సంబంధం తెగి మళ్లీ కలిస్తే, అతను తన పట్టిక మొత్తం మొదటి నుంచీ వినిపిస్తాడు. అప్పుడు లక్షల ప్రకటనలు ఒక్కసారి వచ్చి పడతాయి. ప్రపంచంలో మాత్రం ఏమీ జరిగి వుండదు.

మరి మార్కాపురం ఎక్కడ?

ఇంత చదివాక మన ఊరి పిల్లవాడు అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, నిన్న మార్కాపురంలో నెట్ పోయింది గదా, దీంట్లో చూపించండి." చూపించలేం. ఎందుకో తెలుసుకోవడం ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యం.

బి.జి.పి. ప్రకటించేది నెట్‌వర్కులను, ఊళ్లను కాదు. మార్కాపురంలో ఒక ఇంటికి బి.ఎస్.ఎన్.ఎల్. కనెక్షను వుంటే, ఆ ఇంటి అడ్రసు 9829 ప్రకటించే ఏదో ఒక గుంపులో ఒక చుక్క. పొదిలి దారిలో తీగ తెగి ఊరంతా చీకటైనా, ఆ గుంపు ప్రకటన అట్లాగే నిలబడి వుంటుంది. సింగపూరు కలెక్టరు దగ్గరికి పోయే బోర్డులో మార్పేమీ వుండదు. ఒంగోలు బస్సు సింగపూరు బస్టాండులో సక్రమంగానే కనపడుతుంది, ఒంగోలు నుంచి మార్కాపురం బస్సు ఆగిందన్న సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. పైగా ఈ తరం అడ్రసుల్లో 256 కంటె చిన్న గుంపును సాధారణంగా పెద్ద నెట్‌వర్కులు ఆమోదించవు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి పల్లెలకు నెట్ తెచ్చింది. ఆ స్తంభం గాలివానకు పడితే ఆ పల్లె చీకటవుతుంది, ప్రపంచ పట్టికలో మాత్రం ఒక్క అక్షరం మారదు.

కాబట్టి ఈ రిజిస్టరులో ఏమీ కనపడలేదంటే మన ఊళ్లో ఏమీ జరగలేదని కాదు. కాని ఆ మౌనం గూడా ఒక సమాచారమే. వెబ్ ఆప్షన్ల రోజున సైటు రాకపోతే, ఆ సైటు గుంపు దారులు అన్ని కలెక్టర్లలోనూ నిక్షేపంగా వుంటే, తప్పు దారిది కాదని తేలుతుంది. ఇక మిగిలినవి మన తీగ, పేర్ల పుస్తకం, సర్వరు. వేరే నెట్‌వర్కు ఫోనులో సైటు తెరుచుకుంటే తప్పు మన తీగ వైపే వున్నదని గట్టిగా అనుమానించవచ్చు. నాలుగు అనుమానాలు ఒకటికో రెండుకో దిగుతాయి.

మనం చేయగలిగింది

ప్రోగ్రాము రాయని ఆర్ట్స్, కామర్సు మిత్రులు రైప్‌స్టాట్ అనే వెబ్ పేజీలో నెట్‌వర్కు నంబరు కొట్టి దారుల చరిత్రను బొమ్మలుగా చూడవచ్చు. అప్పటికప్పుడు జరిగే మార్పులు కావలసినవాళ్లు రిస్ లైవ్ అనే ప్రవాహానికి తగులుకోవచ్చు. 2019లో వచ్చిన ఈ ప్రవాహంలో మనం ఒక ప్రిఫిక్స్ చెబితే, దానికి సంబంధించిన మార్పులు మాత్రమే సెకన్లలో వస్తాయి. దీనికి పెద్ద ఫైళ్లు దించనక్కర లేదు గనుక మన డేటా కోటాకు ఇదే సరిపడుతుంది.

ఇకపోతే మార్కాపురాన్ని పటంలోకి ఎక్కించే పని. రైప్ ఎన్.సి.సి. వారిదే రైప్ అట్లాస్ అని ఇంకొక ఏర్పాటు 2010 నుంచి వున్నది. అరచేతిలో పట్టే చిన్న పెట్టెను మన రౌటరుకు తగిలిస్తే, అది మన ఊరి నుంచి బయటి ప్రపంచానికి పోయే దారిని రాత్రింబవళ్లు కొలుస్తూ వుంటుంది. పెట్టె లేకపోతే 2020 నుంచి మామూలు కంప్యూటరులో సాఫ్ట్‌వేరుగా గూడా పెట్టుకోవచ్చు. ఆ కొలతలు తీసుకోవడానికి కూస్తో అనే పైథాన్ లైబ్రరీ వున్నది. కలెక్టరు బయటి నుంచి లోపలికి చూస్తే, ఇది లోపలి నుంచి బయటికి చూస్తుంది. నెట్ పోతే పెట్టెకు సంబంధం తెగుతుంది, తెగిన సమయమూ మళ్లీ కలిసిన సమయమూ లెక్కలో పడతాయి. ఒక్క పెట్టె చాలదు. కరెంటు పోయినా సంబంధం తెగుతుంది, ఊడ్చేటప్పుడు ప్లగ్గు పీకినా తెగుతుంది. మార్కాపురంలో రెండు, గిద్దలూరులో రెండు, కంభంలో ఒకటి, వేరు వేరు కంపెనీల కనెక్షన్ల మీద, ఇన్వర్టరు వున్న చోట పెడితే, అప్పుడు చెప్పే సాక్ష్యానికి విలువ వుంటుంది.

ఈ పనికి ప్రయోగశాల అక్కరలేదు, గ్రాంటు అక్కరలేదు. మా పడమటి ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ చదువుకొనే విద్యార్థులు నలుగురు కలిస్తే ఒక్క సెలవుల్లో అయ్యే పని ఇది. ఫైనలియర్ ప్రాజెక్టు అంటూ ఎవరో చేసిన ప్రోగ్రాము కొనుక్కొచ్చి అట్ట వేయించే బదులు, ఇట్లాంటిది ఒకటి చేసి చూడమని అధ్యాపకులు ప్రోత్సహిస్తే బాగుంటుంది.

గడువు రోజున నెట్ లేక దరఖాస్తు పెట్టలేకపోయిన విద్యార్థి ఆఫీసుకు పోయి, "సర్వర్ డౌన్ అయింది సార్" అంటే ఎవరూ లెక్కచేయరు. ఆ మాట రోజూ వందమంది అంటారు. అదే విద్యార్థి సంఘం వారు, "ఆ రోజు 11 గంటల నుంచి 3 గంటల దాకా మా ఊళ్లో మూడు కంపెనీల కనెక్షన్లూ లేవు, ఆ సమయంలో మీ సైటు దారులు మాత్రం సక్రమంగా వున్నాయి, ఇదిగో రెండు రిజిస్టర్లు" అని అర్జీతో జతచేసి ఇస్తే, గడువు పొడిగించమని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. సింగపూరులో, ఆమ్‌స్టర్‌డామ్‌లో రిజిస్టరు రాసేవాళ్లు వున్నారు. మార్కాపురం, గిద్దలూరుల పేజీ మాత్రం ఖాళీగా వున్నది. అది మనం రాసుకోవలసిందే.